చార్మినార్ చుట్టూ ఎంత తిరిగినా కథ రావడం లేదు, మీరు వీధిని ఎలా చూస్తారు?

ప్రశ్న: కొత్తకలం

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ఊరు. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి పదహారు నెలలైంది. ఊళ్లో ఉన్నప్పుడు ఐదు కథలు రాశాను, వాటిలో రెండు అచ్చయ్యాయి. మహానగరానికి వెళ్తే రాయడానికి సరుకు కొదవ ఉండదని అప్పట్లో గట్టిగా నమ్మాను. ఇక్కడికి వచ్చాక ఒక్క కథ కూడా నాకు నచ్చేలా రాయలేకపోయాను.

ప్రయత్నం చేయక కాదు. దాదాపు ప్రతి ఆదివారం ఉదయం పాతబస్తీకి వెళ్తాను. మదీనా దగ్గర బస్సు దిగి, పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నుంచి నడుచుకుంటూ గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ చేరుకుంటాను. అక్కణ్నుంచి లాడ్ బజార్‌లోకి మళ్లి మహబూబ్ చౌక్ గడియారం దాకా వెళ్లి, వచ్చేటప్పుడు ఒక ఇరానీ చాయ్ తాగి గదికి వస్తాను. అప్పటికి తల నిండా చప్పుళ్లు, వాసనలు, రంగులు ఉంటాయి. నోటుపుస్తకం తీస్తే మాత్రం “గాజుల మెరుపు, అత్తరు సీసాలు, తోపుడు బండి మీద సీతాఫలాలు, పావురాలు, ఆటోల హారన్లు” అని ఒక జాబితా తయారవుతుంది. దాన్ని కథగా మలచబోతే పర్యాటకుల కరపత్రంలా తేలుతోంది. పోయిన నెల ఒక పత్రికకు పంపిన కథ తిరిగి వచ్చింది. వీధి వర్ణన బాగుంది కానీ ఆ వీధిలో తనకు ఎవరూ కనిపించలేదని సంపాదకులు ఓపికగా రాసి పంపారు. ఆ మాట నిజమని నాకూ తెలుసు కాబట్టే ఎక్కువ బాధ కలిగింది.

నాకున్న సందేహాలు రెండు. ఊళ్లో నేను రాసిన మనుషులు పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసినవాళ్లు. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరి పొలం ఎవరి దగ్గర తాకట్టులో ఉందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ పేరైనా తెలియని మనిషిని ఐదు నిమిషాలు చూసి కథలోకి ఎలా తీసుకురావాలి? రెండవది, నాకు ఉర్దూ అంతంత మాత్రమే వచ్చు. సగం మాటలు అర్థం కాని వీధి గురించి రాసే అర్హత నాకుందా? నగరంలో ఉండి రాస్తున్నవారు మీ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: ఆదివారం అంగడి

కొత్తకలం గారికి, మీ దారి చదవగానే నాకు తోచింది, మీరు చాలా ఎక్కువ నడుస్తున్నారని. ఒక్క పూటలో అన్ని బజార్లు దాటితే ప్రతి చోటా మీకు కనిపించేది దుకాణం ముందు పరిచిన సరుకే. ఆ సరుకు వెనక ఉన్న మనిషి ఏం పని చేస్తున్నాడు, ఆ పనికి ఎంత సేపు పడుతుంది, అందులో ఏది చెడిపోతే ఆయన ఆ రోజుకు నష్టపోతాడు అన్నవి కనిపించాలంటే ఒకచోట నిలబడాలి. నేను కథలు రాయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో వీధి గురించి నేను నేర్చుకున్నది దాదాపు ఇంతే: ఒక పనిలో ఏం చెడిపోగలదో తెలిసిన రోజున ఆ పని చేసే మనిషి నాకు కొంచెం తెలిసినట్టు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు అమ్ముతారని మీకు తెలిసే ఉంటుంది. వారమంతా అక్కడ బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు నడుస్తాయి. ఆదివారం వాటికి సెలవు కాబట్టి, మూసిన షట్టర్ల ముందు మెట్ల మీద, ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పుస్తకాలు పేరుస్తారు. అంటే ఆ పుస్తకాల అంగడి మొత్తం ఇతరుల సెలవు మీద ఆధారపడి బతుకుతోంది. పండగ ముందు వచ్చే ఆదివారం ఆ పెద్ద దుకాణాలు తెరిచి ఉంచితే ఈ పుస్తకాలవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? ఈ ప్రశ్న తట్టేదాకా నేను అక్కడ ఎన్నో ఏళ్లు కేవలం పుస్తకాలు కొనుక్కుని వచ్చేశాను.

కొన్నేళ్ల క్రితం ఒక ఆషాఢ మాసంలో నేను అక్కడ ఒక కుప్ప ముందు గొంతుకూర్చుని ఉండగా ఒక్కసారిగా వాన మొదలైంది. నేను ఎప్పుడూ కొనే ఆయన దగ్గర ఒకటే టార్పాలిన్ పట్టా ఉంది. అది ఆయన సరుకులో సగానికి కూడా సరిపోదు. దాన్ని ఎటు లాగుతాడా అని చూశాను. పాత అట్టల నవలలు, నిఘంటువులు, ఎవరో డాక్టరుగారి ఇంటి నుంచి వచ్చిన వైద్య గ్రంథాలు ఉన్నాయి. ఆయన వాటిలో దేన్నీ పట్టించుకోకుండా పోటీ పరీక్షల గైడ్ల మీద పట్టా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. ఆ తర్వాత పిల్లల బొమ్మల పుస్తకాలు కొన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. నవలలు తడిశాయి. నాకు ప్రాణం ఉసూరుమంది, ఎందుకలా చేశారని అడిగాను. గైడ్లు ఈ సాయంత్రంలోగా అమ్ముడుపోతాయని, నవలలు ఎండబెడితే వచ్చే ఏడాదైనా పోతాయని ఆయన నిదానంగా చెప్పాడు. తడిసిన వాటిలో ఒకటి నేను కొన్నాను. లోపలి అట్ట మీద మెట్రిక్ పాసైన తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు, 1961 అని నీలి సిరాతో ఉంది. ‘1961’లో చివరి అంకె నా కళ్ల ముందే అలుక్కుపోయింది.

ఆ రోజు నాకు దొరికినది ఆ పట్టా ఎటు జరిగిందన్న ఒక్క సంగతి. ఆయన పేరు, ఊరు, పిల్లలు ఎంతమంది అన్నవేవీ నాకు అప్పటికి తెలియవు. కానీ రెండు నిమిషాల్లో దేన్ని కాపాడుకోవాలో తేల్చుకోవలసి వచ్చిన మనిషిని చూశాను. మీరు ఊళ్లో తాకట్టు పొలాల గురించి తెలుసుకున్నది కూడా ఇలాంటి సంగతే కదా.

లాడ్ బజార్‌కు వెళ్తున్నారు కాబట్టి ఇంకొక మాట. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని గురించి పత్రికల్లో చదివే ఉంటారు. అద్దాల వెనక మెరిసే గాజుల్ని వదిలేసి, వీలైతే అవి తయారయ్యే చోటు చూపించమని అడగండి. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంది. దాన్ని పొడుగ్గా సాగదీసి, గుండ్రంగా వంచి, చల్లారి గట్టిపడేలోపు చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. చెయ్యి ఆలస్యమైతే రాయి పట్టదు, మళ్లీ వేడి చూపించాలి. ఆ వేడికి వేళ్ల చివర్లు ఎలా అవుతాయో చూశాక మీ నోటుపుస్తకంలో “గాజుల మెరుపు” అన్న మాట మీరే కొట్టేస్తారు.

నగరానికి ఉన్న జ్ఞాపకాన్ని కూడా కొంచెం చదవండి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు నూటయాభై మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఈ సంగతి తెలియక ముందు అక్కడ రోగుల బంధువులు కూర్చుని సద్ది విప్పుకోవడం చూసి మామూలుగానే దాటిపోయాను. తెలిశాక, వార్డులో ఉన్న మనిషి కోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కడ నీడ వెతుక్కుంటున్నారో చూసి చాలాసేపు కదల్లేకపోయాను. సుల్తాన్ బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఇప్పటికీ ఉంది. ఒక ఆదివారం తిరగడం మాని, మరో రోజు వీలు చూసుకుని అలాంటి చోట కూర్చుని ఈ వీధుల పాత సంగతులు చదవండి.

జవాబు: కిటికీ సీటు

పై జవాబు చాలా బాగుంది. టార్పాలిన్ సంగతి నేను మర్చిపోలేను. అయితే ఒక్క విషయంలో నా అనుభవం వేరు. “ఒకచోట నిలబడాలి” అని పెద్దలు సులువుగా చెప్పారు కానీ, ఒక ఆడమనిషి ఏ పనీ లేకుండా ఫుట్‌పాత్ మీద గంటసేపు నిలబడితే ఆ వీధి ఆమెను చూడటం మొదలుపెడుతుంది, ఆమె వీధిని చూడటం అక్కడితో ఆగిపోతుంది. ఇరానీ హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని చాయ్ తాగుతూ రాసుకుందామని ప్రయత్నించిన రోజులున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు, అయినా పక్క బల్లల వాళ్ల చూపులకు సమాధానం చెప్పుకోవడంతోనే చాయ్ చల్లారిపోయేది. అందుకని నేను నా వీధిని సిటీ బస్సులోకి మార్చుకున్నాను. బస్సులో కూర్చున్న ఆడమనిషిని ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు.

సికింద్రాబాదు నుంచి చార్మినార్ వైపు వెళ్లే ఎనిమిది ఎ బస్సులో నేను ఉద్యోగానికి వెళ్లి వస్తుంటాను. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమయ్యాక ఆ బస్సులో మాటలే మారిపోయాయి. అంతకు ముందు కనిపించని వయసుల వాళ్లు, కనిపించని మూటలతో ఎక్కుతున్నారు. చార్జీ కోసం ఇంట్లో చెయ్యి చాచనవసరం లేకపోవడంతో, ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పకుండా బయలుదేరిన వాళ్లు కూడా ఉన్నారు. అందుకే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరులో ఒక కొత్త ధైర్యం ఉంటుంది.

ఒక రోజు మోండా మార్కెట్ దగ్గర కరివేపాకు, పుదీన మూటతో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చున్నారు. కండక్టరు ఇచ్చిన జీరో టికెట్టును ఆమె నాలుగు మడతలు పెట్టి, బొడ్డు సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన ఒక చిన్న కట్ట తీసి, అందులో దోపి మళ్లీ బిగించారు. పారేయవలసిన కాగితాలు ఎందుకు దాస్తున్నారమ్మా అని అడిగాను. నెలాఖరున ఆ టికెట్లన్నీ లెక్కబెట్టి, పాత చార్జీ ప్రకారం ఎంతవుతుందో కూడి, అంత డబ్బు మనవరాలి డబ్బాలో వేస్తారట. ఇంట్లో వాళ్లకు అది కూరగాయల లాభమని చెబుతారట. నేను దిగవలసిన స్టాపు వచ్చింది, దిగిపోయాను. నా వరకు ఆ కథలో సగం ఆ అబద్ధంలోనే ఉంది.

ఆ కథ రాశాక నెల రోజులు ఎవరికీ పంపలేదు. ఇంట్లో చెప్పని రహస్యాన్ని పక్క సీటులో ఉన్న అపరిచితురాలికి చెప్పారు, దాన్ని నేను అచ్చులో పెట్టవచ్చా అన్న బెంగ పట్టుకుంది. చివరికి కథలో ఊరు మార్చాను, అమ్మే సరుకు మార్చాను, మనవరాలిని తీసేసి వేరొకరిని పెట్టాను, ఇక్కడ చెప్పిన వివరాల్లోనూ కొన్ని మార్చినవే. రబ్బరు బ్యాండు మాత్రం మార్చలేకపోయాను. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదో కాదో నాకు తేలలేదు. మీరు ఈ దారిలో వెళ్తే ఈ బెంగ మీకూ వస్తుంది, దాన్ని తొందరపడి వదిలించుకోవద్దని నా విన్నపం.

జవాబు: వన్‌టౌన్ వాసి

నాది బెజవాడ. కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టూనే నా కథలన్నీ. చిన్న సలహా ఒక్కటే: సెల్‌ఫోను జేబులో ఉంచండి. ఫోటో తీసుకున్న దృశ్యం నాకు ఒక్కసారి కూడా కథలోకి రాలేదు, ఫోటోలో ఉంది కదా అని మనసు దాన్ని వదిలేస్తుంది. విన్న మాటను మాత్రం ఆ రాత్రే, నిద్రపోక ముందే, విన్నది విన్నట్టు రాసుకోండి. తెల్లారేసరికి అది మన మాట అయిపోతుంది.

జవాబు: ఛత్తా బజార్

మీ రెండవ సందేహానికి జవాబు చెప్పే హక్కు నాకు కొంత ఉందనుకుంటున్నాను. నేను పాతబస్తీలోనే పుట్టాను. ఇంట్లో దక్కనీ, అంటే ఇక్కడి వాడుక ఉర్దూ, బడిలో తెలుగు. మా నాన్నగారికి ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికల ముద్రణతో సంబంధం ఉండేది. తెలుగు కథల్లో మా వీధి కనిపించినప్పుడల్లా ఎంతో ఆశగా చదువుతాను. చాలాసార్లు బిర్యానీ, అత్తరు, బురఖా తప్ప మరేమీ దొరకదు. సాయిబు పాత్ర నోట “నక్కో”, “కైకూ”, “హౌ” అని నాలుగు మాటలు పోపు గింజల్లా చల్లి, మా భాష రాశామనుకుంటారు. మా అబ్బాజాన్ తెలుగు ఖాతాదారుతో చక్కని తెలుగులో బేరమాడేవారు. పనివాడితో దక్కనీ, పత్రిక రాయించుకునే పెద్దమనిషితో కితాబీ ఉర్దూ మాట్లాడేవారు. ఒక మనిషి ఎవరితో ఏ భాష మాట్లాడతాడో, నోట్లు లెక్కపెట్టేటప్పుడు పెదవుల మీద ఏ భాష కదులుతుందో గమనించండి. దానికి మీకు ఉర్దూ పాండిత్యం అక్కర్లేదు.

అర్థం కాని మాటను అడగడానికి సిగ్గుపడవద్దు. మా దగ్గర “పర్సోఁ” అంటే నిఘంటువు ప్రకారం మొన్న. కానీ హైదరాబాదీ నోట అది పోయిన వారం కావచ్చు, ఐదేళ్ల కిందట కావచ్చు. “పర్సోఁ మా అన్న పోయాడు” అని ఒకాయన అంటే నిన్నగాక మొన్న చావు జరిగిందని మీరు కంగారుపడతారు. అది పదేళ్ల నాటి దుఃఖమని, ఆయనకు మాత్రం మొన్నటిలాగే ఉందని తెలిశాక ఆ ఒక్క మాట చుట్టూ కథ తిరగగలదు. పరాయివాడిగా మీరు తడబడే చోటు అదే కాబట్టి, మాకు అలవాటై కనిపించనిది మీకు కనిపించే అవకాశం అక్కడే ఉంది.

ఆదివారం అంగడి గారు పని గురించి చెప్పారు. నేను దానికి కాలాన్ని కూడా కలుపుతాను. ఏ వ్యాపారానికైనా ఏడాదిలో ఎత్తుపల్లాలు ఉంటాయి. మొహర్రం నెలలో మావాళ్లు సాధారణంగా పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి, పెళ్లి పత్రికల పని చేసేవాళ్లకు అది ఖాళీ కాలం. మా చిన్నతనంలో ఆ నెలలో నాన్నగారు ఇంటికి తొందరగా వచ్చేవారు, మాకు సంబరంగా ఉండేది. అమ్మకు ఎందుకు సంబరం లేదో చాలా ఏళ్లకు అర్థమైంది. ఖలంతో, చేతి సిరాతో ఉర్దూ పత్రికలు రాసే కాతిబులకు ఆ తర్వాత కంప్యూటరు అక్షరాలు వచ్చిపడి, ఏడాది పొడుగునా ఖాళీయే మిగిలింది. మా ఇంటికి వచ్చే ఒక కాతిబు గారు, పని తగ్గాక కూడా, బొటనవేలి గోరు మీద ఖలం మొన పరీక్షించే అలవాటు మానుకోలేదు. చేతిలో ఏమీ లేకపోయినా గోరును అలా నొక్కి చూసుకునేవారు. మీరు ఒకే వీధిని రంజాన్ రాత్రుల్లో చూసి రాస్తే ఒక వీధి, రంజాన్ వెళ్లిన పదిహేనో రోజున చూస్తే మరొకటి. దయచేసి రెండోది కూడా చూడండి.

కొత్తకలం:

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఈ జవాబులు చాలాసార్లు చదివి మూడు వారాలు ఆగి రాస్తున్నాను. రెండు ఆదివారాలు చార్మినార్ వెళ్లలేదు. మా గది ఉన్న వీధి చివర చౌరస్తాలో రోజూ పొద్దున్నే కూలీల అడ్డా ఉంటుంది. పదహారు నెలలుగా ఆఫీసు క్యాబు కోసం నేను ఎదురుచూసేది ఆ అడ్డా పక్కనే. ఇంత దగ్గర ఉన్నదాన్ని వదిలి అంత దూరం ఎందుకు వెళ్లానో అని మొదటి రోజు చాలా బాధపడ్డాను.

ఆరున్నరకల్లా వాళ్లు వచ్చేస్తారు. చాలామందిది పాలమూరు వైపు. రంగులు వేసేవాళ్లు బ్రష్షులు, తాపీ పనివాళ్లు తాపీలు కనిపించేలా పట్టుకుంటారు. మట్టిపనికి వచ్చినవాళ్ల చేతిలో మధ్యాహ్నం తిండి డబ్బా తప్ప మరేమీ ఉండదు. బండి ఆగితే చుట్టూ మూగుతారు, మేస్త్రీ నలుగురిని ఎంచుకుని పోతాడు. ఎనిమిది దాటాక బండ్లు తగ్గుతాయి. తొమ్మిదిన్నరకు మిగిలేది పది పన్నెండు మంది. “ఏం చెడిపోతే రోజు చెడిపోతుంది” అన్న మాట గుర్తుపెట్టుకుని నేను వాళ్లనే చూశాను.

మిగిలినవారిలో ఒకాయన నాలుగు రోజులు నా పక్క గట్టు మీదే కూర్చున్నారు. మూడో రోజున మాట కలిసింది. పని దొరకని రోజున ఇంటికి వెంటనే వెళ్లరట. తొమ్మిదిన్నరకే నాన్న తిరిగి వస్తే పిల్లవాడు ఎందుకని అడుగుతాడట. అందుకని సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట గడుపుతారు. నేను తెలియక డబ్బా సంగతి అడిగాను: మరి అన్నం ఎప్పుడు తింటారు? ఆయన కొంచెం ఆలోచించి, పని చేసిన రోజు ఒంటిగంటకు తింటానని, పని లేని రోజు మూత తియ్యబుద్ధి కాదని, అట్లని నిండు డబ్బా ఇంటికి తీసుకుపోతే ఇంట్లో తెలిసిపోతుందని అన్నారు. “కుక్కకు పెడతరా?” అని అడగబోయి ఊరుకున్నాను. ఆయనే స్టీలు డబ్బాను ఒడిలోకి తీసుకుని, మూత అంచున బొటనవేలు పెట్టి, తియ్యకుండా అలాగే చాలాసేపు ఉంచారు. ఇంతలో నా క్యాబు వచ్చింది.

కథ ఇంకా పూర్తి కాలేదు, ఆరు పేజీలైంది. ఊరు మార్చాను, కిటికీ సీటు గారూ. డబ్బా మాత్రం మార్చలేకపోతున్నాను. ఆయన ఇంట్లో భార్యతో ఏ మాండలికంలో మాట్లాడతారో నాకు సరిగా తెలియదు, పాలమూరు వైపు వారు ఎవరైనా ఈ చర్చ చూస్తుంటే ఒక పేజీ చదివి తప్పులు చెప్పగలరా? ఆదివారం అంగడి గారూ, ఈ వారం వాన లేకపోతే పదకొండు గంటలకు ఆబిడ్స్‌లో ఉంటాను. పట్టా ఒకటే ఉన్న ఆయన ఎటువైపు కూర్చుంటారో చెప్పండి.